అండాలమ్మ పాడుకున్న ఆఖరి ముక్క

సెప్టెంబర్ 20, 2011, మంగళవారం

తెలంగాణ కోసం సమ్మె మొదలై వారం దాటింది. నిన్నటి నుంచి బస్సులు కూడా ఆగాయి, కాబట్టి మా ఆయన, కండక్టరు గారు, ఇంట్లోనే ఉన్నారు. పొద్దున నేను పోపు పెడుతుంటే వెనక నుంచి వచ్చి "జర ముందుకు జరుగు" అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది. వంటింట్లో ముందుకు జరిగితే గోడే ఉంది.

బడులు బంద్ కాబట్టి పిల్లాణ్ణి చౌటుప్పల్‌లో మా అమ్మ దగ్గరికి పంపేశాం. జీతం రాదు, బడి లేదు, సగం రోజు కరెంటు లేదు. నిజానికి నేను దిగులుపడాలి. పెళ్ళయ్యాక మొదటిసారి మధ్యాహ్నం పూట కాళ్ళు చాపుకుని కూర్చున్నాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అట్లా కూర్చుని ఉండగా పై అంతస్తు మృదుల వచ్చింది, చేతిలో లావుపాటి ఇంగ్లిష్ నవల. వాళ్ళాయన త్రినాథరావు గారికి చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్ ఉంది. కోచింగులు మూతపడి పిల్లలందరూ ఊళ్ళకు పోయారు. గదులు ఊడ్పిస్తుంటే ఒక మంచం కింద ఇది దొరికిందట.

"డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ అని గొప్పలు పోతావుగా, చదివి చెప్పు. నా వల్ల కాదు, సగం పేర్లు నోరు తిరగట్లేదు" అంది.

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "హాస్టల్ ఇలాగే ఖాళీగా ఉంటే దీపావళికల్లా మన విజయవాడకే వెళ్ళిపోదాం అంటున్నారే ఈయన."

"పోండి మరి" అన్నాను.

నాకేం బాధ లేదు. పైన వాళ్ళ వాషింగ్ మెషీన్ చప్పుడు తప్పుతుంది.

సెప్టెంబర్ 21

పుస్తకం బాగుంది. మెషీన్ చప్పుడు కూడా అంత పెద్దదేం కాదు.

సెప్టెంబర్ 23, శుక్రవారం

ఉక్రెయిన్ ఎక్కడుందో తెలియక పిల్లాడి అట్లాసు తీశాను. రష్యా పక్కన ఉంది. అక్కడి పల్లెటూరి పిల్ల హన్యా, పదిహేనేళ్ళది. వందేళ్ళ కిందటి సంగతి. ఉన్న కాస్త భూమి చాలక అమ్మానాన్నలతో ఓడెక్కి కెనడా పోతుంది. వాళ్ళమ్మ తలగుడ్డలో గోధుమ విత్తనాలు మూటగట్టి, తల ఎందుకు అంత ఎత్తుగా ఉందని ఎవరడిగినా తలనొప్పి అంటుంది. ఓడ మీది డాక్టరు నిజంగానే జాలిపడి మందు ఇస్తాడు. ఆమె రోజుకు మూడు పూటలా మింగుతుంది. అది చదివి మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను.

కింది నుంచి అండాలమ్మ పెద్దమ్మ తల పైకెత్తింది. మా ఇంటి ఓనరు. నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు ఊరు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్ళకు ఎముకలు వంగుతాయని పెళ్ళయిన కొత్తల్లోనే మొగుణ్ణి లాక్కుని అల్మాస్‌గూడకు వచ్చిన మనిషి. పొద్దునంతా ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి మా నెత్తిన కూర్చుంటుంది.

"ఒక్కదానివే నవ్వుతున్నవేందే, దయ్యం గిట్ల పట్టిందా?"

"పుస్తకం పెద్దమ్మా" అని తలగుడ్డ సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. సీరియస్‌గా అడిగింది, "మల్ల ఆ ఇత్తనాలు మొలిచినయా?"

"ఇంకా ఓడే దిగలేదు."

"దిగేదాంక సదివి చెప్పు. నేను చాయ్ పెడ్త."

నేను ఇంగ్లిష్ చూస్తూ తెలుగులో చెబుతూ పోయాను. కాసేపటికి పై మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది. మృదుల అత్తగారు కోటేశ్వరమ్మ గారు, రెయిలింగు పట్టుకుని వంగి ఉన్నారు. "అమ్మాయ్, కాస్త గట్టిగా చెప్పు. డాక్టరు దగ్గర నుంచి సరిగా వినపళ్ళేదు."

ఈ రెండిళ్ళకూ ఎండాకాలం నుంచి మాటల్లేవు. ట్యాంకర్ దగ్గర మృదుల ఇంకో బిందె పెట్టిందని అండాలమ్మ నలుగురిలో అనేసింది, "మా నీళ్ళు మీకెందుకు, మీ ఊరికి పోరాదుండ్రి" అని. మృదుల ఖాళీ బిందె తీసుకుని పైకి పోయింది. ఆ తర్వాత ఆ రెండిళ్ళ మధ్యలో మా ఇల్లు పోస్టాఫీసు అయింది.

అండాలమ్మ పైకి చూడలేదు. నాతోనే అంది, "గట్టిగ చెప్పు. నాక్కూడ ఇనపడ్తలేదు."

నా పక్కనే కూర్చుని వినపడటం లేదట. గొంతు పోయేదాకా చెప్పాను.

సెప్టెంబర్ 25, ఆదివారం

ఈ రోజు జరిగింది రాయకపోతే నాకే నమ్మబుద్ధి కాదు.

నెలాఖరు ఆదివారం అండాలమ్మ ఇంట్లో చిట్టీ పాట. అందరం డబ్బు వేస్తాం, ఎవరు ఎక్కువ వదులుకుంటామని పాడితే మొత్తం వాళ్ళది. చిట్టీ ముగిసేదాకా ఎవరూ ఇల్లు ఖాళీ చేయకూడదన్నది అండాలమ్మ చట్టం. మాటలు లేకపోయినా కోటేశ్వరమ్మ గారు, మృదుల వచ్చారు. చిట్టీ వేరు, కోపాలు వేరు. మిగతా వాళ్ళంతా ఊళ్ళకు పోయారు, నలుగురమే ఉన్నాం, ఎవరి దగ్గరా పైసల్లేవు.

"ఒక్కపారి పాట ఆగితే చిట్టీ చెడినట్టే" అంది అండాలమ్మ. "పైసలు లేకుంటే ఉన్నదాన్నే పాడుకుందాం."

కోటేశ్వరమ్మ గారు గోడ మీద క్యాలెండర్‌తో మాట్లాడుతున్నట్టు అన్నారు, "ఆ ఓడ పుస్తకం పాటకు పెట్టమనండి."

"ఒక్క పుస్తకం, రెండిండ్లు. ఎట్ల?" అని అండాలమ్మ నన్ను అడిగింది.

మృదుల నోరు జారింది. హాస్టల్లో పిల్లలు లావు మెటీరియల్‌ని ముక్కలు చేసి గదికో ముక్క పంచుకుంటారని, ఒక గది చదివాక ఇంకో గదికి ఇస్తారని చెప్పింది. చెప్పి ముగించేలోగా అండాలమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. బెండకాయ తరిగినంత శ్రద్ధగా పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత బొంత సూదితో, తెల్ల దారంతో నాలుగు ముక్కల్నీ నేనే కుట్టాను.

మొదటి ముక్క చదివేశాం కాబట్టి రెండోదానికి పాట. కోటేశ్వరమ్మ గారు డబ్బా నిండా సున్నుండలు అన్నారు. నాకు ఏం అనాలో తోచలేదు. మా ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే.

"ఈ సమ్మె అయ్యేదాంక అందరి సిలిండర్లు, నీళ్ళ క్యాన్లు మా ఆయన మోస్తడు" అన్నాను.

పాట నాదే.

సెప్టెంబర్ 26

ఆయనకు చెప్పాను. మాట్లాడటం లేదు. రెండు అంతస్తులూ క్యాన్లు మోస్తూ ఎదురైన వాళ్ళందరినీ "జరగండి జరగండి" అంటున్నాడు.

సెప్టెంబర్ 29, గురువారం

సాయంత్రం కరెంటు పోతే అందరం మిద్దె మీదికి చేరాం. ఒక చాప మీద అండాలమ్మ, ఇంకో చాప మీద వాళ్ళిద్దరు, మధ్యలో నేను, రెండో ముక్క.

హన్యా వాళ్ళు కెనడాలో దిగారు. చుట్టూ గడ్డి, మనిషి లేడు. మట్టి తవ్వి, గడ్డి కప్పి గుడిసె వేసుకున్నారు. ఉన్న ఒక్క ఆవునూ ఆ గుడిసెలోనే తమతో పాటు పడుకోబెట్టుకున్నారు, చలికి చస్తుందని.

"గీళ్ళు మా నల్లగొండోళ్ళే" అంది అండాలమ్మ. "మేం ఈడికి వచ్చినప్పుడు గిట్లనే. రేకులు కప్పుకున్నం, బర్రెను లోపల్నే కట్టేసుకున్నం. అల్మాస్‌గూడల అప్పుడు ఏముండే? తుమ్మచెట్లు."

కోటేశ్వరమ్మ గారు క్యాలెండర్‌ను మర్చిపోయి నేరుగా ఆమెతోనే అనేశారు, "అదేం కాదండి. కొత్త చోటికొచ్చి బీడు భూమి సాగులోకి తెచ్చింది మా వాళ్ళు. మా మావగారు ఇటొచ్చి పొలం కొన్నప్పుడు గుడిసెలోనే ఉన్నారు. వీళ్ళు మా వాళ్ళే."

"మీరు పైసలు పట్టుకొచ్చిండ్రు. గీ పొల్ల తల్లి ఇత్తనాలు పట్టుకొచ్చింది."

"డబ్బుతో వస్తే మాత్రం చలి వెయ్యదాండీ?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఉక్రెయిన్ వాళ్ళు ఎవరి వాళ్ళో నేను తేల్చాలట. వాళ్ళు తాగే చారు బీట్‌రూట్‌ది అని చెప్పి మాట మార్చాను. రెండు చాపల మీదా ఒకేసారి మూతులు ముడుచుకున్నాయి.

"బీట్‌రూట్‌తోనా?" అన్నారు కోటేశ్వరమ్మ గారు.

"యాక్" అంది అండాలమ్మ.

ఆ ఒక్క విషయంలో రాష్ట్రమంతా ఒకటే. మృదులా నేనూ నవ్వాపుకోలేక నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయాం. తను నా భుజం పట్టుకుని నవ్వుతుంటే, దీపావళి ఎప్పుడో లెక్కపెట్టడానికి వేళ్ళు ముడుస్తున్నానని నేనే గమనించి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. నాకేం. పండగ కదా, ఊరికే లెక్కపెట్టాను.

అక్టోబర్ 2, ఆదివారం

ఇప్పుడు ముక్క అయిపోయిన ఆదివారమే పాట. ఎవరూ నెలాఖరు దాకా ఆగలేకపోతున్నారు. మూడో ముక్క కోటేశ్వరమ్మ గారు పాడుకున్నారు. సున్నుండలు, దాని మీద వాషింగ్ మెషీన్, కరెంటున్న గంటల్లో ఎవరి బట్టలైనా. ఆమె చేతిలో ముక్క పట్టుకుని మెట్లెక్కుతుంటే పెళ్ళికూతుర్ని తీసుకుపోతున్నట్టు ఉంది. వాళ్ళు చదివాక నాకు ఇస్తారు, నేను అండాలమ్మకు చెబుతాను.

బట్టలన్నీ తెల్లగా వచ్చాయి. మంచి మెషీన్.

అక్టోబర్ 7, శుక్రవారం

దసరా పండగ అయింది. మూడో ముక్క నా చేతికి వచ్చింది. మిద్దె మీద అండాలమ్మ, నేను. కొంచెం దూరంగా పిట్టగోడ దగ్గర మృదుల.

బావి దగ్గరి పేజీ వచ్చింది. ఆ చుట్టుపక్కలకంతా ఒకటే బావి, పోర్టర్ అనే ఆమెది. హన్యా బకెట్ పట్టుకుని పోతే ఆమె ఒక మాట అంటుంది.

ఆ మాట నేను పైకి చదవలేదు. "హన్యా బావికి పోయి వచ్చింది" అని చెప్పి రెండు పేజీలు తిప్పేశాను. పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. నిజంగానే కాస్త అతుక్కున్నట్టే ఉన్నాయి.

అక్టోబర్ 8

"బావి దగ్గరి మాట ఎగరగొట్టావేం?" అని మృదుల మెట్ల మీద పట్టుకుంది.

"పేజీలు అతుక్కున్నయ్."

"కుట్టింది నువ్వే కదే. ఆవిడకు కోపమొస్తుందనా, నాకు ఏడుపొస్తుందనా?"

రెండూ కాదు. నాకే ఏడుపొస్తుందని. ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాస్తాను. మృదుల పోతే నాకు ఈ ఇంట్లో ఉండబుద్ధి కాదు. రోజుకు పది సార్లు ఏదో ఒక గిన్నె పట్టుకుని పైకి పోతాను, ఆ గిన్నెల్లో చాలావాటితో నాకు పనే లేదు. ఆ పెద్దమ్మ అంటే కూడా నాకు ప్రాణమే. ఆ మాట మళ్ళీ ఆ మిద్దె మీద వినిపిస్తే ఇద్దరిలో ఒకరిని పోగొట్టుకుంటానని భయం.

"ఇట్లా ఇవ్వు" అని మూడో ముక్క లాక్కుపోయింది.

అక్టోబర్ 9, ఆదివారం

సాయంత్రం అందరూ ఉన్నారు. మృదుల ఎవరినీ అడక్కుండా చాప మధ్యలో కూర్చుని బావి పేజీ తీసింది.

"పోర్టర్ గారి భార్య అందీ, 'మా బావిలో నీళ్ళు మీకెందుకు. ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికే వెళ్ళిపోండి' అని."

అండాలమ్మ ఒత్తులు చేస్తోంది. చేతులు ఆగిపోయాయి. "మల్ల సదువు."

మృదుల మళ్ళీ చదివింది.

"ఆ పొల్ల ఏమన్నది?"

"ఏమీ అనలేదండి. ఖాళీ బకెట్ పట్టుకుని ఇంటికెళ్ళి, బావి ఎండిపోయిందని వాళ్ళమ్మకు చెప్పింది."

కోటేశ్వరమ్మ గారు కోడలి వైపు చూశారు. "ఆ రోజు నువ్వూ నాకు ట్యాంకర్ రాలేదనే చెప్పావు కదే."

అండాలమ్మ పత్తి ఒళ్ళోంచి దులుపుకుని లేచింది. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ మధ్యలో ఆగి, పైకి చూడకుండా అడిగింది.

"ఆ పోర్టరమ్మ, ఎన్కకు మల్ల ఆ పొల్లతోని మాట్లాడిందా?"

"ఇంకా రాలేదండి" అంది మృదుల. "చివర్లో ఉందేమో."

అక్టోబర్ 10

ఏం లేదు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆయనే నయం, సిలిండర్‌తో మాట్లాడాడు.

అక్టోబర్ 11, మంగళవారం

పొద్దున్నే మృదుల గుమ్మంలో, గుడ్డలో చుట్టి, వేడి వేడి జొన్నరొట్టెలు. పక్కన వెల్లుల్లి కారం. పెట్టిందెవరో ఎవరూ చూడలేదు. ఈ బిల్డింగులో జొన్నరొట్టె అంత పల్చగా కొట్టే చేయి ఒకటే ఉంది, కానీ నేనేం అనలేదు.

"గట్టిగా ఉన్నాయి" అన్నారు కోటేశ్వరమ్మ గారు. అంటూనే మూడోది అందుకున్నారు.

మూడో ముక్క అయిపోయింది. పంట మంచుకు పోయింది. హన్యా నాన్న బండి మీద సామానంతా ఎక్కించాడు. వాళ్ళమ్మ తలగుడ్డ మళ్ళీ ఎత్తుగా కట్టుకుంది. బండి కదలబోతుండగా ముక్క ఆగిపోయింది. కత్తిపీట సరిగ్గా అక్కడే దిగింది.

అక్టోబర్ 13

త్రినాథరావు గారు ఆటోనగర్‌లో లారీ మాట్లాడి వచ్చారు. మృదుల చెప్పలేదు, కోటేశ్వరమ్మ గారు చెప్పారు. మృదుల అట్టపెట్టెలు అడగడానికి వచ్చి, అడగకుండా సున్నుండ పెట్టి పోయింది.

నేను తినలేదు. తర్వాత తిన్నాను.

అక్టోబర్ 16, ఆదివారం

ఆఖరి ముక్క పాట.

నేను రాత్రంతా ఎత్తు వేసుకుని పడుకున్నాను. మృదులను పాడుకోనివ్వాలి. పాడుకుంటే, ఆ ముక్క అందరూ చదివేదాకా చిట్టీ ముగిసినట్టు కాదు, పోకూడదు. తర్వాత ఆ ముక్క నేను చదవడానికి సంవత్సరం తీసుకుంటాను, దీపావళి, సంక్రాంతి, పిల్లాడి పరీక్షలు అని. ఇంత తెలివి నాకెక్కడిదో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అండాలమ్మ ముక్కను పీట మీద పెట్టింది. "పాడుండ్రి."

మృదుల నోరు విప్పలేదు. మోసం చెయ్యడం చేతకాదు దానికి. పోతున్న దాన్ని ఎట్లా పాడతాను అన్నట్టు చేతులు ముడుచుకుని కూర్చుంది. కోటేశ్వరమ్మ గారి నోరు రెండు సార్లు తెరుచుకుని మూతపడింది. సున్నుండలు అప్పటికే పెట్టెల్లో సర్దేశారు. నా ఎత్తు ఆ పీట మీదే చచ్చిపోయింది.

"అయితే నాది" అంది అండాలమ్మ.

చిట్టీ పెద్ద ఎప్పుడూ పాడదు. మేం ఉలిక్కిపడ్డాం.

"నీకు ఇంగ్లిష్ రాదు కదా పెద్దమ్మా. నేను చదివి చెప్తా."

"నువ్వు ఎగరగొడ్తవ్" అంది. తల దించుకున్నాను. "నాకు ఎవ్వలూ సదివి చెప్పొద్దు. నేనే సదువుకుంట. తెలుగు సదువొచ్చినోళ్ళకు అది రాదా? గీ పిల్ల నేర్పాలె నాకు. ఉన్న మాట ఉన్నట్టు సదివింది గీమెనే." మృదుల వైపు గడ్డంతో చూపించింది. ఎండాకాలం తర్వాత ఆమె మృదుల ముఖం చూడటం అదే మొదటిసారి. "నేను సదివినంకనే అందరికి చెప్త. అప్పటిదాంక ఎవ్వలు ముట్టొద్దు."

ముక్కను తీసుకుపోయి బీరువాలో, పట్టుచీరల కింద పెట్టి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"మరి నీ పాటేంది? నువ్వేం వదులుకుంటవ్?" అని నేను అడిగాను, లెక్క లెక్కే కదా.

"ట్యాంకర్ వచ్చినప్పుడు మొదలు నింపుకునేది ఓనర్లు కదా. ఇంకనుంచి పైనోళ్ళు" అంది.

మృదుల తల పక్కకు తిప్పుకుంది. మళ్ళీ తిప్పినప్పుడు దాని ముక్కు ఎర్రగా ఉంది. "రేపు నాలుగింటికి రండి. పలకా బలపం నేను తెస్తాను" అంది.

అక్టోబర్ 17

పై అంతస్తులో పొద్దున పెద్ద గొడవ. గొంతులన్నీ కిందికి వినపడ్డాయి. అంటే నేను మెట్ల మీద నిలబడ్డాను కాబట్టి వినపడ్డాయి.

"లారీ వాడికి అడ్వాన్స్ ఇచ్చానమ్మా" అంటున్నారు త్రినాథరావు గారు.

"ఆ పిల్ల బండెక్కిందో దిగిందో తెలియకుండా నేను ఇక్కణ్ణుంచి కదలను" అన్నారు కోటేశ్వరమ్మ గారు. "చిట్టీ మధ్యలో వదిలేసి పారిపోయారు అనిపించుకోమంటావా?"

"ఏ పిల్లమ్మా? ఏ బండి?"

ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. చివరికి, "సరే, ఆ పుస్తకమేదో అయ్యేదాకా ఉందాం" అన్నారు.

నేను రెండు మెట్లు ఒకేసారి దూకి ఇంట్లోకొచ్చి మా ఆయన చేతిలోని క్యాన్ పట్టుకుని గిరగిరా తిప్పాను. సగం నీళ్ళు ఆయన మీదే పోయాయి.

"ఇంటర్‌నెట్ల కొడ్తే ఆ కథ ఆఖరికి ఏమైందో వస్తది కదనే" అన్నాడు తుడుచుకుంటూ.

ఆ మాట ఇంకెక్కడా అనొద్దని చెప్పాను. అంటే క్యాన్లే కాదు, అందరి బియ్యం బస్తాలు కూడా పాట పెడతానని చెప్పాను.

నవంబర్ 20, ఆదివారం

సమ్మె ఆగి దగ్గర దగ్గర నెల. పిల్లాడు వచ్చేశాడు, ఆయన బస్సెక్కాడు. వంటింట్లో ముందుకు జరగమనే వాళ్ళు లేక బోసిగా ఉంది. హాస్టల్‌కు మళ్ళీ పిల్లలు వస్తున్నారు. రోజూ నాలుగింటికి అండాలమ్మ పలక పట్టుకుని మోకాళ్ళ నొప్పితో రెండంతస్తులు ఎక్కుతుంది. డి దాకా వచ్చింది.

జూన్ 3, 2014, మంగళవారం

ఈ డైరీ అటక మీద పిల్లాడి పాత పుస్తకాల్లో దొరికింది. రెండున్నరేళ్ళు. నవ్వుకుంటూ మొత్తం చదివాను.

నిన్న రాష్ట్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డంతా పటాకులే. అండాలమ్మ చౌరస్తాలో ఆడి ఆడి, మోకాళ్ళకు జండూబామ్ రాసుకుని పడుకుంది. రాసింది కోటేశ్వరమ్మ గారు.

అంతా బాగానే ఉంది. కానీ ఈ రోజు మృదుల వచ్చి గుమ్మంలోనే నిలబడి అంది, "రాష్ట్రం వేరైపోయింది కదా, ఇంక ఇక్కడెందుకు అంటున్నారే ఈయన. హాస్టల్ విజయవాడలో పెట్టుకుందాం అంటున్నారు. పుస్తకం ఎంతవరకొచ్చిందని అడిగారు."

అదే గుమ్మం, అదే నిలబడటం. ఈసారి "పోండి మరి" అనలేదు. "పోవద్దే" అన్నాను.

జూన్ 8, ఆదివారం

మధ్యాహ్నం కరివేపాకు కోసం కింద అండాలమ్మ ఇంటికి పోయాను. ముందు తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాను. బీరువా తెరిచి ఉంది. కిటికీ దగ్గర కుర్చీలో అండాలమ్మ, కళ్ళజోడు ముక్కు మీద, ఒళ్ళో ఆఖరి ముక్క, నేను కుట్టిన తెల్లదారం. వేలు లైను కింద పాకుతోంది. పెదవులు కదులుతున్నాయి. గొణుక్కుంటూ, కూడబలుక్కుంటూ, ఆగకుండా చదువుతోంది. పేజీలు నాలుగో అయిదో మిగిలి ఉన్నాయి.

నేను నిలబడిపోయాను. ఈమె నిన్న సాయంత్రం మృదుల ముందు కూర్చుని, నా కళ్ళ ముందే, పిల్లాడి ఒకటో తరగతి వాచకంలో కుక్క బొమ్మ కింది మాట చదవలేక చెమటలు కక్కింది.

నన్ను చూసి చప్పున మూసింది.

"సదువొస్తుందా పెద్దమ్మా?"

"నాకేం సదువే. బొమ్మలు చూస్తున్న."

"ఆ పుస్తకంల బొమ్మలు లేవు."

కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. అద్దాలు తుడిచిందో కళ్ళు తుడిచిందో నేను అటు చూడలేదు.

"పోర్టరమ్మ మాట్లాడిందా?" అని మెల్లగా అడిగాను.

"లే. గామెకు నోరెట్లొస్తది?" అంది. కుట్టు దారాన్ని వేలితో నిమిరింది. "రొట్టె కాల్చి, గుడ్డల చుట్టి, బండి మీద పెట్టి పోయిందట. గా పొల్ల తల్లి సూసి, ఏమనకుంట సామాను దించుడు సురువు జేసింది."

పుస్తకంలో అట్లాగే ఉందో, ఈ పెద్దమ్మ కూడా నా లాగే కొన్ని పేజీలు ఎగరగొట్టి సొంతంగా చెప్పిందో నాకు తెలియదు. చేయి చాపితే ముక్క అందుతుంది. నేను చాపలేదు.

"ఎప్పుడొచ్చింది నీకు సదువు?"

"పోయినేడు బతుకమ్మకే" అంది సిగ్గుపడుతూ. "ఎవ్వలకన్న చెప్పినవంటే కిరాయి పెంచుత."

ముక్క పట్టుచీరల కిందికి పోయింది. తాళంచెవి బొడ్లోకి పోయింది. నేను ఇంటికొచ్చి కరివేపాకు లేకుండానే పోపు పెట్టాను. పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వుతుంటే ఆయన వచ్చి నుదురు పట్టి చూశాడు.

నాలుగింటికి నేనూ ఒక ఖాళీ గిన్నె పట్టుకుని పైకి పోయాను. త్రినాథరావు గారు హాల్లో పేపరు చదువుతున్నారు. మృదుల వాచకం తెరిచి పిల్లి బొమ్మ కింద వేలు పెట్టింది. అండాలమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, నిట్టూర్చింది.

"డాగ్" అంది.

త్రినాథరావు గారు పేపరు దించారు. "ఇన్నేళ్ళకు ఇంతేనా అండి?"

"ముసల్దాన్ని బాబూ. నెత్తికి ఎక్కుతలేదు" అంది అండాలమ్మ, మహా దీనంగా.

మృదుల నా వైపు చూసింది. ఒక్క క్షణమే. అప్పుడు తెలిసింది నాకు, దానికి ఎప్పటి నుంచో తెలుసని. వంటింట్లోంచి కోటేశ్వరమ్మ గారు సున్నుండల పళ్ళెం పట్టుకొస్తూ, "తొందరేముందిరా, నిదానంగా నేర్చుకోనీ" అన్నారు. ఆవిడకూ తెలుసు.

త్రినాథరావు గారు మా నలుగురినీ ఒక్కొక్కరిగా చూశారు. పేపరు మడిచి పక్కన పెట్టి, ఒక సున్నుండ తీసుకున్నారు.

"పోనీ, మళ్ళీ మొదటి నుంచి చెప్పు మృదులా" అన్నారు. "ఎ నుంచి."